ఆవిడనే మళ్ళీ బోర్డులోకి పంపమని అడగవచ్చా?

ప్రశ్న: మాది ఒక ఐఐటీ పూర్వ విద్యార్థుల సంఘం. రాష్ట్ర ప్రభుత్వం తరఫున మా సంస్థ బోర్డ్ ఆఫ్ గవర్నర్స్‌లో ఉన్న పారిశ్రామికవేత్త గడువు త్వరలో ముగుస్తోంది. చాలా మంచావిడ. మళ్ళీ ఆవిడనే నియమించమని అందరం సంతకాలు పెట్టి ఉత్తరం రాయాలనుకుంటున్నాం. రాయవచ్చా అండీ? ఎవరికి రాయాలి?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: తప్పకుండా రాయండి. కాకపోతే సంతకాలు పోగుచేసే ముందు బోర్డు మినిట్స్, అంటే మీటింగుల్లో ఏం జరిగిందో రాసిపెట్టే నమోదు, తెప్పించుకుని చదవండి.

1961 ఐఐటీల చట్టం ప్రకారం మీరు చెప్పిన సభ్యత్వానికి గడువు నామినేట్ చేసిన తేదీ నుంచి మూడేళ్ళు. టెక్నాలజిస్టుల్లోనో పారిశ్రామికవేత్తల్లోనో పేరున్నవారిని రాష్ట్ర ప్రభుత్వం ఎంచుకుంటుంది. కాబట్టి ఉత్తరం రాష్ట్ర ఉన్నత విద్యాశాఖకు వెళ్ళాలి. అదే ఐఐటీలన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఐఐటీ కౌన్సిల్ నామినేట్ చేసే నలుగురిలో ఒకరైతే ఢిల్లీకి రాయాల్సి వచ్చేది. ఆ కౌన్సిల్‌కు అధ్యక్షులు కేంద్ర విద్యామంత్రి.

ఇంకో సంగతి. గడువు తీరినా, కౌన్సిల్ వేరుగా చెబితే తప్ప, మరొకరిని నామినేట్ చేసేదాకా పాత సభ్యులే కొనసాగుతారు. సీటు ఖాళీగా ఉండకూడదని పెట్టిన మంచి నిబంధనే. కానీ ఫైలు కదలక ఒకరు అలా ఉండిపోవడం వేరు, పనితీరు చూసి ‘మళ్ళీ మీరే ఉండండి’ అనడం వేరు. మీరు అడగాల్సింది ఈ రెండోదాన్ని.

ఒక సాంకేతిక విద్యాసంస్థ రిజిస్ట్రార్ ఆఫీసులో బోర్డు అజెండాలు తయారుచేస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది. పేరు చూసి వేసినవాళ్ళనూ చూశాను, పని చేసినవాళ్ళనూ చూశాను. మా సభ్యులొకరు అజెండా కట్టలో పేజీ పేజీకీ చీటీలు పెట్టుకుని వచ్చేవారు. ఒకసారి ఖరీదైన ల్యాబ్ యంత్రం కొనే ప్రతిపాదన వస్తే, ‘దీన్ని నడిపే టెక్నీషియన్ పోస్టు ఉందా?’ అని అడిగారు. లేదు. ఆ అంశం వాయిదా పడింది, తర్వాతి మీటింగుకు పోస్టుతో కలిపి వచ్చింది. మినిట్స్‌లో అది ఒక్క వాక్యమే. ఆ వాక్యం లేకపోతే యంత్రం పెట్టెలోనే ఉండిపోయేది, పిల్లలు దాన్ని అద్దంలోంచి చూసి వెళ్ళేవాళ్ళు. మీ ఉత్తరంలో ఇలాంటివి రెండు మూడు ఉంటే చాలు. ‘విశిష్ట సేవలు’, ‘అపార అనుభవం’ లాంటి మాటలు అక్కడ ఎవరూ చదవరు.

మీటింగులకు ఎన్నిసార్లు వచ్చారో చూడండి. ఆవిడ కంపెనీకి మీ సంస్థతో కాంట్రాక్టో పరిశోధన ఒప్పందమో ఉంటే, ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు ముందుగా చెప్పి పక్కకు తప్పుకున్నారా అన్నది అంతకన్నా ముఖ్యం. మంచితనం దీనికి బదులు కాదు. మినిట్స్ వెబ్‌సైట్‌లో దొరక్కపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

నన్నడిగితే, బాగా పనిచేసినవాళ్ళకు రెండో గడువు ఇవ్వడమే న్యాయం. బడ్జెట్ పద్దులు అర్థం కావడానికే మొదటి ఏడాది సరిపోతుంది. మంజూరు చేసిన భవనం లేచేనాటికి, ఎందుకు ఆలస్యమైందని అడగడానికి పాత మనిషి ఒకరైనా బోర్డులో ఉండాలి. మూడోసారి మాత్రం నేను ఒప్పుకోను. అప్పటికి డైరెక్టరుతో చనువు పెరిగి, అడగాల్సిన ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంది.

గడువుకు ఆరు నెలల ముందే ఉత్తరం పంపండి. దానికన్నా ముందు ఆవిణ్ణి అడగండి. ఈ పనికి జీతం లేదు, భత్యాలే. ఫైలు పైదాకా వెళ్ళాక ఆవిడ ‘నాకు వీలుపడదండీ’ అంటే, ఇంకో మంచి పేరు వెతికే వ్యవధి మీకూ ఉండదు, ప్రభుత్వానికీ ఉండదు.