డీఎన్ఏ రెండు పోగులూ తెగితే కణం అతికించుకుంటుంది కదా, మరి క్రోమోజోములు ఎందుకు పాడవుతాయి?

అతికించుకుంటుందండీ. ఆ అతుకు తప్పుగా పడినప్పుడే క్రోమోజోము పాడవుతుంది.

ఒక పోగు తెగితే పెద్ద చిక్కు లేదు, రెండోదాన్ని చూసి పూడ్చుకుంటుంది. రెండూ ఒకేచోట తెగితే చూసుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు. అప్పటికే డీఎన్ఏ నకలు తయారై ఉంటే దాన్ని చూసి సరిగ్గా కలుపుకుంటుంది. లేకపోతే దొరికిన కొసల్ని దొరికినట్టే అతికేస్తుంది. ఒకేసారి నాలుగైదు చోట్ల తెగితే ఒక క్రోమోజోము కొస వేరే క్రోమోజోముకు అంటుకుంటుంది. అలా రెండు సెంట్రోమియర్లతో (కణవిభజనలో క్రోమోజోమును పట్టి లాగే చోట్లతో) తయారైనది కణవిభజనప్పుడు చెరోవైపు లాగుడు పడి మళ్ళీ తెగుతుంది. బార్బరా మెక్‌క్లింటాక్ అనే జన్యుశాస్త్రవేత్త మొక్కజొన్నలో ఎప్పుడో 1930లలోనే ఈ తంతు గమనించారు.

నేను హైదరాబాదులో క్రోమోజోముల ల్యాబులో పనిచేస్తున్నాను. ఒక కేసు చెప్తాను. ఏడేళ్ళ బాబు. ప్లేట్‌లెట్లు ఎప్పుడూ తక్కువే, వయసుకు తగ్గ ఎత్తు లేడు, ఒక చేతి బొటనవేలు మరీ చిన్నది. అమ్మానాన్నలది మేనరికం. ఏడాదిగా ఐరన్ సిరప్పులతోనే నెట్టుకొచ్చారు. రక్తాన్ని రెండు భాగాలు చేసి కల్చర్ పెట్టాం, అంటే కణాల్ని ల్యాబులో పెంచాం, ఒకదాంట్లో మైటోమైసిన్ వేశాం. ఈ మందు డీఎన్ఏ రెండు పోగుల్నీ కలిపి కుట్టేస్తుంది. మామూలు కణం ఆ కుట్టును కోసి, తెగినచోట సరిచేసుకుంటుంది. మందు వెయ్యని స్లైడు పెద్దగా ఏమీ చెప్పలేదు. మందు వేసిన స్లైడులో కణం తర్వాత కణం విరుగుళ్ళే. రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అంటుకుని నాలుగు రేకుల ముగ్గులా విచ్చుకున్నాయి. ఇది ఫాంకోని ఎనీమియా, ఆ కుట్టును సరిచేసుకోలేక రక్తకణాలు తగ్గిపోయే పుట్టు జబ్బు. దీనికి మూలుగ మార్పిడి చేస్తారు.

వాళ్ళమ్మ అడిగింది, "మేడం, వీడికి మా పాప మూలుగ సరిపోతుందన్నారు, ఇంక ఆలస్యం దేనికి?" పాపకూ ఇదే జబ్బు లేదని తేలాలమ్మా అన్నాను. పాప స్లైడు శుభ్రంగా వచ్చింది. ఈ పరీక్ష చెయ్యకుండా మార్పిడికి వెళ్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. మార్పిడికి ముందు మామూలుగా ఇచ్చే కీమో, రేడియేషన్ మోతాదు ఈ పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది. వాళ్ళకు బాగా తగ్గించి ఇవ్వాలి.

సెల్‌ఫోన్ టవర్ వల్ల డీఎన్ఏ తెగిపోతుందా అని నన్ను అడగని చుట్టం లేడు. ఆ తరంగాలకు డీఎన్ఏను తెంపే శక్తి లేదు. అడిగే ఆయన జేబులో మాత్రం సిగరెట్ పెట్టె ఉంటుంది. పొగ తెంపుతుంది. ఆ మాటంటే కోపం.

నా అసలు బాధ వేరే. ఈ జబ్బు వచ్చే జన్యువులు 20కి పైగా ఉన్నాయి, దాదాపు అన్నిట్లోనూ అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండువైపులా లోపం రావాలి. మేనరికాల్లో అది సులువు. మన జిల్లాల్లో ఇన్ని మేనరికాలుండి, రక్తకణాలు తగ్గుతున్న పిల్లలకు ఈ పరీక్ష మొదటి నెలలోనే రాయకపోవడం అన్యాయం. రాసినా రక్తం ఊదా మూత ట్యూబులో పంపుతారు, అందులో కణాలు సరిగ్గా పెరగవు. హెపారిన్ ఉండే ఆకుపచ్చ మూత ట్యూబు కావాలి. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే ఫాంకోని పరీక్ష చేయించమని డాక్టరుగారిని మీరే అడగండి, రక్తం తీసే చోట మూత రంగు చూడండి, ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే ఆ తేదీ కాగితం మీద రాయించండి.