మామూలు డెడ్‌లిఫ్ట్ మానకుండానే సుమో నేర్చుకోవచ్చు: నేను చేసిన తప్పుతో సహా చెప్తా

మానొద్దు తమ్ముడూ. రెండూ పెట్టుకో. కాకపోతే సుమోలో నువ్వు మళ్లీ ఒకటో తరగతి పిల్లోడివే.

రెండేళ్లుగా మామూలు డెడ్‌లిఫ్ట్ (నేల మీదున్న బరువుల రాడ్డుని నిటారుగా నిలబడేదాకా లేపడం) చేస్తున్నా, 120 కేజీల దగ్గర ఆగిపోయా, మర్నాడు నడుం పట్టేస్తోంది, అదే పని కాళ్లు బాగా ఎడంగా పెట్టి చేసే సుమోకి మారాలంటే పాతది ఆపేయాలా అని కావలి నుంచి అడిగావు కదా. మూడేళ్ల కిందట ఒంగోల్లో నేనూ ఇదే అడుగుతా తిరిగా. తలా ఒకటి చెప్పారు. చివరికి ఎవరి మాటా వినకుండా సొంత తెలివి వాడా.

అప్పటికి నా మామూలు డెడ్‌లిఫ్ట్ 130. సుమోలో రాడ్డు లేవాల్సిన దూరం తక్కువ గదా, తేలిగ్గానే ఉంటుందిలే అని మొదటిరోజే 110 వేసుకున్నా. రెండు రెప్పులు, అంటే రెండుసార్లు, బాగానే లేచింది. మూడోదానికి ఎడం గజ్జల్లో కలుక్కుమంది. రెండు వారాలు బైకు ఎక్కాలంటే కాలెత్తలేక పక్కన అరుగు వెతుక్కున్నా. మా ఆవిడైతే "ఈ వయసులో నీకీ బరువులేంది" అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

జరిగిందేందంటే, సుమోలో కాళ్లు ఎడంగా, పాదాలు బయటికి తిప్పి, చేతులు మోకాళ్ల లోపల పెడతాం. వీపు కాస్త నిటారుగా ఉంటుంది కాబట్టి నడుం మీద భారం తగ్గుతుంది. తగ్గిన భారం ఎక్కడికీ పోదు, తొడల ముందు భాగానికీ లోపలి కండరాలకీ మారుతుంది. నీ వీపుకి 120 పాత చుట్టం. నీ తొడ లోపలి కండరాలు దాని మొహం కూడా చూళ్లేదు.

కాళ్లు ప్లేట్ల దాకా చాచాలని రూలేం లేదు. రాడ్డు పట్టుకున్నాక ముందు నుంచి చూస్తే మోకాలి కింద ఎముక నేలకి నిట్టనిలువుగా ఉండాలి, మోకాలు వేళ్ల వైపే పోవాలి. లోపలికి ముడుచుకుంటుంటే ఎడం తగ్గించు. తుంటి కీలు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది, పక్కవాడి ఎడం నీకు పనికిరాదు.

నేను పనిచేసేది చీమకుర్తిలో, గ్రానైటు క్వారీలో. నాకు సుమో అర్థమైంది అక్కడి క్రేన్ ఆపరేటర్ని చూశాకే. ఆయన బండని ఒక్కసారిగా గుంజడు. రోపు వదులంతా నిదానంగా లాగి, బిగిశాక ఒక్క క్షణం ఆగి, అప్పుడు లేపుతాడు. సుమోలో నేల మీంచి కదలడమే కష్టం, మోకాలు దాటితే తేలికే. మామూలు డెడ్‌లిఫ్ట్ అలవాటున్నోళ్లం రాడ్డు వెంటనే కదలకపోతే కంగారుపడి పిర్రలు పైకి లేపేస్తాం. ఇక అది సుమో కాదు, కాళ్లు చాపి చేసే మామూలుదే. అందుకని రాడ్డు ప్లేట్లకి టక్కుమని ఆనేదాకా లాగు, చంకలు బిగించు, మోకాళ్లు బయటికి తోస్తా నేలని తొక్కు. కాసేపు కదలదు. ఓపిక పట్టు, కదులుతుంది.

మన జిమ్ముల్లో ఇంకో చిక్కుంది. పోటీల్లో పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే రాడ్డు నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన దగ్గర 10 కేజీల ఇనప ప్లేట్లు బాగా చిన్నవి. తక్కువ బరువుతో మొదలుపెట్టినప్పుడు రాడ్డు మరీ కిందుంటుంది, వంగలేక తప్పు నేర్చుకుంటాం. రెండు పక్కలా ప్లేట్ల కింద రబ్బరు మ్యాట్లు పేర్చుకో. టైల్స్ మీద మాత్రం చేయొద్దు, కాళ్లు పక్కకి జారతాయి. మెత్తటి పరుగు బూట్లు కూడా వద్దు. దించేటప్పుడు బొటనవేళ్లు ప్లేటు కిందకి రాకుండా చూసుకో.

రెండోసారి నేను పద్ధతిగా మొదలుపెట్టా. సోమవారం మామూలుది, గురువారం సుమో. 60 కేజీలు, 5 సెట్లు, సెట్టుకి 3 రెప్పులే. వారానికి 2.5 కేజీలు, బాగా లేస్తే 5. మొదటి ఆరు వారాలు సోమవారం బరువు కూడా కొంచెం తగ్గించా. నాలుగు నెలలకి సుమో 120 అయింది, ఏడాదికి 145. ఈలోపు పాతది కూడా 130 నుంచి 140కి పోయింది. ఎట్టా పోయిందో నన్నడగొద్దు.

జిమ్ములో ఎవరో ఒకరు సుమో మోసం అంటారు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో రెండూ చెల్లుతాయి. స్ట్రాంగ్‌మన్ పోటీల్లో చాలావరకు సుమో ఒప్పుకోరు. 2020లో ఐస్‌లాండ్ స్ట్రాంగ్‌మన్ బ్యోర్న్‌సన్ 501 కేజీలు ఎత్తింది మామూలు పద్ధతిలోనే. మనమెట్టాగూ ఆ పోటీలకి పోవట్లేదు.

ఒక్క మాట మాత్రం నిజం చెప్పు. నడుం పట్టేయడం అంటే కండరం బిగుతేనా, లేక నొప్పి కాల్లోకి దిగడం, తిమ్మిరెక్కడం ఉందా? రెండోదైతే దానికి సుమో మందు కాదు, ముందు డాక్టరుకి చూపించుకో. అదేం లేకపోతే 60తో మొదలుపెట్టి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి వీడియో తీసి పెట్టు. మోకాళ్లు ఎటు పోతున్నాయో చూసి చెప్తా.