ఒకే గూట్లో రెండు పెద్దబాతులు పొదిగితే

ఒకే గూట్లో రెండు పెద్దబాతులు పొదుగుకు కూర్చున్నాయి, నెల దాటినా రెండే పిల్లలు వచ్చాయి, మిగతావి మురిగిపోయాయి అన్నారు కదండీ. తప్పు గుడ్లది కాదు, తేదీలది. ఒకటి పొదుగుతుంటే రెండోది అందులోనే కొత్త గుడ్లు పెట్టి ఉంటుంది. పెద్దబాతు గుడ్డుకు దాదాపు 30 రోజులు పడుతుంది. ముందువి పిల్లలు కాగానే తల్లి వాటితో లేచిపోతుంది, వెనకటివి చల్లబడిపోతాయి. కోనసీమలో మా దొడ్లో ఒక ఏడాది నేనూ ఇలాంటివి పది గుడ్లు కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాను.

ఈసారి మధ్యలో తడిక అడ్డం పెట్టి రెండింటినీ విడదీయండి. ఒక్కోదాని కింద పదికి మించొద్దు. అన్నీ ఒకే రోజు పెట్టి, పెన్సిల్‌తో గీత గీయండి. గీత లేని గుడ్డు కనిపిస్తే అప్పుడే తీసేయండి, కూరకైనా పనికొస్తుంది. పదో రోజు రాత్రి టార్చిలైటు వెలుగులో చూస్తే ఎర్రటి నరాలు కనిపించాలి. లేకపోతే అది వట్టి గుడ్డే.

తల్లి లేచి నీళ్లలో మునిగొస్తే టెన్షన్ పడకండి, ఆ తడి గుడ్లకు మంచిదే. గూడు కింద నేల మాత్రం చెమ్మగా ఉండకూడదు. మన డెల్టాలో అసలు చిక్కు అదే. ఇటుకలు పేర్చి పైన ఎండుగడ్డి మందంగా పరవండి. పోతుబాతు ఉన్నప్పుడు గూటి దగ్గరకు ఒట్టి చేతులతో వెళ్లకండి, నా పిక్క మీద మచ్చ ఇంకా ఉంది.