స్టాంపు లేని మాడిసన్ కవరు నకిలీయేనా?

అమెరికా మాజీ అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ సంతకమున్న పాత తపాలా కవరు కొనాలనుకుంటున్నారు, మూలన సంతకం, పక్కన 'ఫ్రీ' అని ఉంది కానీ స్టాంపు లేదు, నకిలీయేమో అని అడిగారు కదా. స్టాంపు లేదని టెన్షన్ పడకండి. అమెరికాలో దేశమంతటికీ స్టాంపులొచ్చిందే 1847లో. మాడిసన్ 1836లోనే పోయారు. ఆ సంతకం, 'ఫ్రీ' అన్న మాట కలిపితే అది ఉచిత తపాలా హక్కు, అంటే డబ్బు కట్టకుండా ఉత్తరం పంపే హక్కు. ఆ సంతకమే ఛార్జీ అన్నమాట.

నన్నడిగితే ముందు పోస్ట్‌మార్క్ చూడాలి. ఆ తేదీకి ఆయన ఎక్కడున్నారు? 1817లో అధ్యక్ష పదవి దిగాక వర్జీనియాలోని తన ఇల్లు మాంట్‌పెలియర్లోనే ఎక్కువగా ఉండేవారు. చివరి ఏళ్లలో కీళ్లవాతంతో చేతిరాత చిన్నదైపోయింది, కాబట్టి అధ్యక్షుడిగా చేసిన సంతకంతో పోల్చి కంగారుపడొద్దు, అదే కాలపు ఉత్తరాలతో పోల్చండి. సిరా కాగితంలో ఇంకిందో, లేక అచ్చువేసిన నకలులో కనిపించే చుక్కలున్నాయో భూతద్దంతో చూడండి. నిపుణుల సర్టిఫికెట్ లేకుండా మాత్రం డబ్బు కట్టకండి.