డాక్టర్ సలహా: మా బాతు కోళ్ల వెంట పడుతోంది, ఇది జబ్బా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పోయినేడాది కోడిపెట్ట కింద ఆరు బాతు గుడ్లు పెడితే ఒక్కటే పిల్లయింది. ఇప్పుడది ఎదిగిన మగ బాతు. పక్కింటి ఆడ బాతుల్ని కన్నెత్తి చూడదు, మా పెట్టల మీద ఎక్కుతోంది. ఒక పెట్టకు రక్తం కూడా వచ్చింది. ఇంట్లో కోసేయమంటున్నారు.

జవాబు: జబ్బేమీ లేదమ్మా. దాని లెక్కలో కోళ్లే తన వాళ్లు.

బాతుపిల్ల బోదెలోకి దిగి ఈదుతుంటే తల్లి కోడి గట్టు మీద గోల పెట్టడం మీరు చూసే ఉంటారు. ఈత దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. తన వాళ్లెవరో మాత్రం చూసి నేర్చుకోవాల్సిందే. పుట్టిన మొదటి రోజు ఎదురుగా కదిలేదాన్ని తల్లి అనుకుంటుంది. ఆ తర్వాత కొన్ని వారాలు ఎవరి మధ్య తిరిగిందో, ఈడొచ్చాక జోడీని వాళ్లలోనే వెతుక్కుంటుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1935లోనే దీన్ని వివరించారు, 1973లో ఆయనకు నోబెల్ వచ్చింది. చిత్రమేమిటంటే, మన నాటు బాతులకు మూలమైన అడవి బాతుల్లో ఈ తికమక ఎక్కువగా మగవాటికే. ఆడవి ఎవరి దగ్గర పెరిగినా సొంత జాతి మగదాన్ని చాలావరకు గుర్తుపడతాయి.

అలాగని వదిలేయకండి, ప్రమాదం పెట్టలకి. పుంజుకి బయటికొచ్చే అంగం ఉండదు. మగ బాతుకి పొడవుగా, మెలికలు తిరిగి ఉంటుంది. కోడి శరీరం దానికి తగ్గది కాదు. లోపల చిరిగిపోతుంది, ఒక్కోసారి ప్రాణం పోతుంది.

రక్తం వచ్చిన పెట్టను ఇప్పుడే విడిగా గంప కింద ఉంచండి. ఎర్రగా కనిపిస్తే మిగతా కోళ్లు అక్కడే పొడుస్తాయి. గోరువెచ్చని ఉప్పు నీళ్లతో కడగండి. లోపలి భాగం బయటికి జారితే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో లోపలికి నెట్టే పని వద్దు.

బాతును కోయనక్కర్లేదు. కోళ్లు కనబడని చోట నాలుగైదు ఆడ బాతులతో కలిపి ఉంచండి. మనసు పూర్తిగా మారకపోయినా, ఎదుట కోళ్లు లేకపోతే వాటితో జత కట్టే అవకాశం బాగానే ఉంది. తల పైకీ కిందికీ ఆడిస్తూ ఆడ బాతు చుట్టూ తిరుగుతోందంటే దారిలో పడ్డట్టే. కోళ్లతో మాత్రం మళ్లీ కలపొద్దు.

ఈసారి గుడ్లు పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. కోడి గుడ్డుకు 21 రోజులైతే బాతు గుడ్డుకు 28. పెట్ట మధ్యలో లేచిపోతే పిల్లలు తగ్గుతాయి. ఒక్కటే పిల్లయితే, ఎవరి దగ్గరైనా అదే వయసు బాతుపిల్లలు రెండు మూడు తెచ్చి మొదటి వారంలోనే దానికి జత చేయండి.