గువామ్‌కు మారితే అధ్యక్షుడికి వేసే ఓటు పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా పౌరుడు. డాలస్‌లో ఉంటూ 2024లో అధ్యక్ష ఎన్నికల్లో ఓటేశాడు. ఇప్పుడు ఉద్యోగం మీద పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ దీవికి వెళ్తున్నాడు. అదీ అమెరికాదే కదా, అక్కడికెళ్తే ఆ ఓటు ఉండదంటున్నారు. నిజమేనా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: నిజమేనండీ. గువామ్‌లో స్థిరపడితే ఆ ఓటు పోతుంది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లను రాష్ట్రాలే నియమించాలని అమెరికా రాజ్యాంగం రెండో అధికరణం చెబుతోంది. ఏ రాష్ట్రంలోనూ లేని రాజధాని వాషింగ్టన్‌కు సైతం 1961లో రాజ్యాంగాన్ని సవరిస్తేగానీ ఆ ఓటు దక్కలేదు. గువామ్ 1898లో అమెరికా చేతికొచ్చింది, 1950లో అక్కడివాళ్లకు పౌరసత్వమూ వచ్చింది. కానీ రాష్ట్రం మాత్రం కాలేదు.

అసలు బాధ ఇంకోటుంది. మీ అబ్బాయి గుంటూరు వచ్చి మీ దగ్గరే ఉండిపోయినా, డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రం నుంచి బ్యాలెట్ తెప్పించుకుని అధ్యక్షుడికి ఓటేయగలడు! విదేశాల్లో ఉన్న పౌరులకు 1986 నాటి చట్టం ఆ హక్కు ఇచ్చింది. అయితే అదే చట్టం గువామ్, ప్యూర్టోరికో, వర్జిన్ ఐలండ్స్, అమెరికన్ సమోవాలను అమెరికా లోపలి ప్రాంతాలుగా లెక్కగట్టింది. కాబట్టి గువామ్ వెళ్లినవాడు విదేశంలో ఉన్నట్టు కాదు, ఎలక్టర్లున్న రాష్ట్రంలో ఉన్నట్టూ కాదు. గువామ్ పక్కనే ఉన్న సైపాన్ దీవి కూడా అమెరికాదే, కానీ ఆ జాబితాలో లేదు. అక్కడికి వెళ్లినవాళ్లకు పాత రాష్ట్రం ఓటు నిలుస్తుంది. ఈ తేడా అన్యాయమనే నేనంటాను. హవాయి రాష్ట్రం నుంచి గువామ్ లాంటి చోట్లకు వెళ్లినవాళ్లు దీనిమీద కోర్టుకెక్కితే, 2024లో తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు చట్టాన్నే సమర్థించింది.

గువామ్‌లో గవర్నరుకు, స్థానిక చట్టసభకు, ప్రతినిధుల సభకు వెళ్లే డెలిగేటుకు ఓటేయొచ్చు. ఆ డెలిగేటుకు సభలో బిల్లులపై తుది ఓటు లేదు.

వెళ్లేది ఏడాదికా, ఎప్పటికీనా అన్నది మీవాణ్ణి సూటిగా అడగండి. తాత్కాలికంగా వెళ్లి, తిరిగి డాలస్ రావాలన్న ఉద్దేశం నిజంగా ఉంటే టెక్సస్ నివాసం పోదు. కంపెనీ ఇచ్చే కాలపరిమితి లేఖ, డాలస్ ఇంటి కాగితాలు జాగ్రత్త చేసుకోమనండి. గువామ్‌లో ఓటు నమోదు చేయించుకుని, ఇటు టెక్సస్‌లోనూ ఓటేస్తే మాత్రం నేరమవుతుంది. సైన్యంలో ఉద్యోగమైతే ఈ చిక్కే లేదు, పాత రాష్ట్రం ఓటు వెంటే ఉంటుంది.

తాత్కాలికమే అయితే, ఎన్నికలప్పుడు ఊళ్లో ఉండనన్న కారణం చూపి పోస్టల్ బ్యాలెట్ అడగాలి. ఆ దరఖాస్తు ఎన్నికల రోజుకు కనీసం 11 రోజుల ముందు డాలస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల కార్యాలయానికి చేరాలి. గువామ్ నుంచి ఉత్తరం వెళ్లడానికి పట్టే రోజులు కలుపుకుని, ఇంకా ముందే పంపమనండి.