ఎక్కాల పాట ఇంకా నోట్లోనే!

ప్రశ్న: చిన్నప్పుడు టీవీ కార్టూన్ల మధ్య వచ్చిన ఎక్కాల పాట ఇప్పటికీ గడగడా పాడేస్తాను, నిన్న చదివింది మాత్రం గుర్తుండదు. ఎందుకండీ ఇలా?

జవాబు: లయ, ప్రాస ఉన్నాయి కదండీ, ఒక మాట అందితే తర్వాతి మాటను అవే లాక్కొస్తాయి, పైగా అదే పాట పదేపదే వినేవాళ్లం. అమెరికాలో 1973లో ఏబీసీ చానెల్‌లో మొదలైన ‘స్కూల్‌హౌస్ రాక్’ అనే కార్టూన్ పాటల కార్యక్రమం పుట్టిందే అలా: డేవిడ్ మెకాల్ అనే యాడ్ ఏజెన్సీ పెద్దమనిషి, కొడుక్కి ఎక్కాలు ఎక్కట్లేదు గానీ రాక్ పాటలన్నీ కంఠతా వచ్చని గమనించి, ఆ ఎక్కాలకే బాణీ కట్టించాడు. శనివారం పొద్దున్నే, సుమారు మూడు నిమిషాలు, అంతే. ఒక్క చిక్కుంది. వాళ్ల రాజ్యాంగ పీఠిక పాటలో బాణీ కుదరడానికి మొదట్లోనే వచ్చే ‘అమెరికా సంయుక్త రాష్ట్రాల’ అన్న మాటలు వదిలేశారు, పాటను నమ్ముకుని పరీక్ష రాస్తే మార్కులు గోవిందా!